చల్లగాలి ఎందుకు వేడెక్కును?

నడివేసవిలో పగలు రెండు గంటల వేళ పంజాగుట్ట కూడలిలో ఎర్రదీపము ముందు నిలిచిన కార్లను చూచినచో, దాదాపు అన్నిటి అద్దములును మూసియే ఉండును. ఏదో ఒక్క కారు అద్దములు మాత్రము నాలుగును దింపబడి, లోపలివారు చేతికందిన కాగితముతో విసరుకొనుచుందురు. ఆ కారులో ఏ.సి. లేకపోలేదు. అది కలదు, తిరుగుచున్నది, గాలియు వీచుచున్నది. కాని ఆ గాలి వెచ్చనిది.

ఈ వెచ్చని గాలికి కారణమేమని అడిగినచో మన ఊరి దుకాణములలో తరచుగా వినవచ్చు సమాధానము ఒక్కటే: “గ్యాసు అయిపోయింది, నింపాలి.” కారు యజమానియు తల యూపి, రొక్కము చెల్లించి, పదిదినములు చల్లగా తిరిగి, మరల అదే దుకాణమునకు వచ్చును. ఈ ప్రసంగమున నేను చెప్పదలచినది సారాంశముగా ఇంతే: గ్యాసు అయిపోవు వస్తువు కాదు. అది పెట్రోలు వలె కాలిపోదు, మంచువలె కరిగిపోదు. అది తగ్గినచో ఎక్కడనో కారిపోయినదని అర్థము. తగ్గకుండగనే గాలి వెచ్చబడినచో, తప్పు మరియొక చోట ఉన్నదని అర్థము. ఈ చిన్న సత్యము మనకు ఏల తోచదో తెలిసికొనుటకు చల్లదనపు చరిత్రను కొంత తిరగవేయవలసియున్నది.

కొన్ని ఏండ్ల క్రిందటి మే నెలలో, నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స ముగించుకొన్న మా అక్కయ్యను కారులో అమీర్‌పేటలోని ఇంటికి తీసికొనిపోవుచుంటిని. దూరము కొద్దిపాటిదే. అయినను ఆ మధ్యాహ్నము కూడలి దాటుటకే చాలసేపు పట్టినది. బండి కదలుచున్నంతసేపు చల్లగా వచ్చిన గాలి, బండి నిలిచిన రెండు నిమిషములలో వెచ్చబడి, మరికొంతసేపటికి సెగవలె తగులజొచ్చినది. అక్కయ్య పెదవులు ఎండిపోయి, “అద్దం దింపు నాయనా, ఈ గాలికంటే ఆ గాలే నయం” అన్నది. ఆ నెలలో అంతకు మునుపే ఒక దుకాణమున రెండు పర్యాయములు గ్యాసు నింపించియుంటిని. రెండవసారి నింపిన తరువాత బాధ తగ్గుటకు మారు హెచ్చినది. ఆ చిక్కు విడిన తీరును చివర మనవి చేసెదను. దానికి ముందు తెలియవలసినది ఒకటి కలదు.

చల్లదనము అనునది ఒక వస్తువు కాదు. దానిని ఎవరును తయారుచేయలేరు. వేడిమిని ఒకచోటి నుండి తీసి మరియొకచోట విడిచినచో, మొదటి చోటు చల్లబడును. మన పెద్దలకు ఈ సంగతి శాస్త్రముగా తెలియకున్నను వాడుకగా తెలియును. మట్టికుండ చెమర్చి, ఆ తేమ ఆవిరియగుచు కుండలోని నీటి వేడిమిని తీసికొనిపోవును. వేసవిలో గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుటయు ఇట్టిదే. హైదరాబాదు పీఠభూమి మీది పొడిగాలికి ఈ ఉపాయము చక్కగా పనిచేయును. నేటికిని మన మేడల మీద గడ్డితడికలు బిగించిన కూలర్లు తిరుగుచుండుట అందువలననే. సముద్రతీరపు ఉక్కలో అదే కూలరు అంతగా పనిచేయదు.

తరువాతి అధ్యాయము మంచుగడ్డది. 1833లో అమెరికా దేశపు బోస్టను నుండి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు వచ్చెను. చెరువులలో గడ్డకట్టిన నీటిని కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఫ్రెడరిక్ ట్యూడరు అను వర్తకుడు వానిని సముద్రములు దాటించెను. మద్రాసులో ఆ మంచును నిలువచేయుటకు 1842లో కట్టిన ‘ఐస్ హౌస్’ సముద్రపుటొడ్డున నేటికిని నిలిచియున్నది. మన దేశపు రైళ్ళలోనికి చల్లదనము ప్రవేశించినదియు మంచుతోడనే. 1934లో ఫ్రాంటియర్ మెయిల్ పెట్టెల క్రింద మంచుదిమ్మెలు పేర్చి, వాని మీదుగా గాలిని లోనికి పంపిరి. దారిలోని స్టేషనులలో కరిగిన మంచును తీసివేసి క్రొత్త దిమ్మెలు నింపెడివారు.

‘అయిపోయినది, నింపవలెను’ అను మాట ఆ కాలమునకు సరియైనది. మంచు నిజముగనే ఖర్చగును. ఆ తలపోతనే మనము తెలియక నేటి కారులోని గ్యాసునకును అంటగట్టుచున్నామని నా అభిప్రాయము.

మంచుయుగమును దాటించిన ఆలోచన 1834 నాటిది. ఆ సంవత్సరమున జేకబ్ పెర్కిన్సు లండనులో ఒక యంత్రమునకు పేటెంటు పొందెను. సులభముగా ఆవిరియగు ఈథరును మూతపడిన గొట్టములలో బంధించి, ఒకచోట ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని పంపుతో నొక్కి, మరియొకచోట మరల ద్రవముగా మార్చి తిరుగువెట్టుట అందలి సూత్రము. కుండ చెమట గాలిలో కలిసిపోవును. పెర్కిన్సు ఆ చెమటను పట్టి వెనుకకు తెచ్చెను. కావున క్రొత్తగా నింపవలసిన పని లేకపోయెను. నేటి ఇంటి ఏ.సి.లలోను, ఫ్రిజ్జులలోను, కారులలోను సామాన్యముగా తిరుగుచున్నది ఈ చక్రమే. 1902లో విల్లిస్ క్యారియరు న్యూయార్కు నగరపు బ్రూక్లినులో ఒక ముద్రణాలయమున గాలిలోని తేమను అదుపుచేయుటకు యంత్రమును రూపొందించెను. కాగితము తేమకు సాగి రంగులు ఒకదానిపై నొకటి సరిగా పడకపోవుటయే అక్కడి చిక్కు. మనుష్యుల సుఖము ఆ తరువాతి మాట.

1927లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ‘మానిటర్ టాప్’ అను ఫ్రిజ్జును వెలువరించెను. మోటారును, కంప్రెసరును ఒకే ఉక్కు డబ్బాలో అమర్చి మూసివేయుట అందలి విశేషము. బయటి నుండి లోనికి పోవు ఇరుసు లేదు. కావున గ్యాసు కారుటకు ఇరుసు ప్రక్క సందును లేదు. మన నగరమునకు ఈ విద్య పరాయిది కాదు. అమీర్‌పేటకు వాయవ్యమున, ఎర్రగడ్డ–సనత్‌నగరు ప్రాంతమున, 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్ స్థాపింపబడెను. బస్సుల బాడీలు, ఇనుప సామానులతో పాటు ఆ కర్మాగారము ఫ్రిజ్జులను కూడ చేసెను. తరువాతి కాలమున ఆ ఫ్రిజ్జుల శాఖ వోల్టాస్ సంస్థ చేతిలోనికి పోయినను, ఆల్విన్ ఫ్రిజ్జు మన ఊరి ఇండ్లలో ఒక తరమంతయు ఇంటి మనిషివలె మెలగినది. ఆ ఫ్రిజ్జునకు ఏటేట గ్యాసు నింపించినవారు శ్రోతలలో ఎందరున్నారు? పది, పదిహేను ఏండ్లు ఒకే గ్యాసుతో అది నడచుట సామాన్యము. అదే చక్రము కారులో ఏల మాటిమాటికి తప్పునో ఆలోచింపవలసియున్నది.

1939 నవంబరున షికాగో ప్రదర్శనలో ప్యాకర్డు సంస్థ చల్లగాలి గల కారును ప్రజలకు చూపెను. కారులోనే అమర్చి అమ్మకమునకు పెట్టిన ఏ.సి. లలో అది మొదటిది. కూలింగ్ కాయిలు వెనుక సామానుపెట్టెలో నుండెను. కంప్రెసరు ముందు ఇంజను ప్రక్కన నుండెను. రెంటి నడుమ బండి పొడవునను గొట్టములు పోవుచుండెను. యంత్రమును ఆపుటకు మీట లేదు. చలి ఎక్కువైనచో బండి నిలిపి, ముందు మూత తెరచి, చేతితో బెల్టు ఊడదీయవలసినదే. ధర ఎక్కువ, అమ్మకము తక్కువ. రెండు మూడేండ్లలో దానిని మానుకొనిరి.

అయినను ఆ కారులో కనబడిన ఒక లోపము నేటికిని సామాన్యపు కార్లను వదలలేదు. ఫ్రిజ్జులోని మోటారు వలె కారు ఇంజనును ఉక్కు డబ్బాలో పెట్టి మూయుటకు వీలు లేదు. ఇంజను బయట తిరుగును. బెల్టు ద్వారా కంప్రెసరు ఇరుసును త్రిప్పును. ఆ ఇరుసు డబ్బాలోనికి పోవుచోట ఒక సీలు ఉండి తీరవలెను. ఇంజను అదరును గావున గొట్టములలో కొంతభాగము రబ్బరుతో చేయవలెను. అతుకుఅతుకునకు రబ్బరు ఉంగరము ఉండవలెను. ఇన్ని చోట్ల, ఇంత అదురులో, ఎండలో, దుమ్ములో, గ్యాసు ఏండ్ల తరబడి నిలుచుటయే ఆశ్చర్యము. కావున కారులో గ్యాసు కొద్దికొద్దిగా తగ్గుట సహజమే. కాని పది దినములలోనో, ఒక్క వేసవిలోనో తగ్గినచో అది సహజము కాదు, అది రంధ్రము.

1953లో క్రైస్లరు సంస్థ తన ఇంపీరియలు కార్లలో మరల ఏ.సి. ప్రవేశపెట్టెను. 1954లో నాష్ సంస్థ సామానుపెట్టెను వదలి, యంత్రమంతటిని బండి ముందుభాగమునకు తెచ్చి, వేడిగాలి ఏర్పాటుతో కలిపి ఒకే అమరికగా చేసెను. నేటి కారు ఆ బాటనే నడచుచున్నది. ఈ మార్పుతో రెండు క్రొత్త చిక్కులు కూడ వచ్చినవి. మొదటిది, ఒకే పెట్టెలో వేడి, చలి రెండును ఉండుటచే వాని నడుమ ఒక చిన్న తలుపు అవసరమయ్యెను. ఆ తలుపు ఇరుక్కొన్నచో, ఒక ప్రక్క కాయిలు మంచువలె చల్లగా నున్నను, గాలి ఇంజను వేడినీటి గొట్టముల మీదుగా వచ్చి వెచ్చగా వీచును. రెండవది, కారులోని వేడిమిని బయటికి విడుచు కండెన్సరు బండి ముక్కున, రేడియేటరు ముందర అమరినది. బండి పరుగెత్తునప్పుడు ఎదురుగాలి దానిని చల్లబరచును. బండి నిలిచినప్పుడో? అప్పుడు పంకాయే దిక్కు.

మన దేశమున 1957 తరువాత వచ్చిన అంబాసడరు కార్ల కాలమున ఏ.సి. కలవారి వైభవమే. 1983 డిసెంబరున మారుతి 800 వచ్చినది. 1985లో కార్ల చల్లదనపు యంత్రములను ఇక్కడనే చేయుటకు, జపాను దేశపు డెన్సో, సుజుకీ సంస్థల భాగస్వామ్యముతో సుబ్రోస్ సంస్థ ఏర్పడినది. అప్పటి నుండి చిన్న కార్లకును ఏ.సి. క్రమముగా సామాన్యమైనది. వస్తువు ఇంటింటికి వచ్చినంత త్వరగా దానిని గూర్చిన తెలివి రాలేదు. అందుచేతనే ‘గ్యాసు నింపుట’ అన్ని రోగములకు ఒకే మందైనది.

ఇప్పుడు గ్యాసు తిరుగు బాటను మనస్సునందుంచుకొని, వెచ్చని గాలిని పరీక్షించు క్రమమును చూతము. కంప్రెసరు గ్యాసును నొక్కి వేడిగా ముందుకు పంపును. కండెన్సరులో అది తన వేడిమిని వీధిలోనికి విడిచి ద్రవమగును. డ్రయరు అను చిన్న డబ్బా అందలి తేమను పీల్చుకొనును. ఎక్స్‌పాన్షన్ వాల్వు అను ఇరుకు ద్వారము గుండా అది ఒక్కసారిగా పీడనము తగ్గి, కూలింగ్ కాయిలులో ఆవిరియగుచు కారులోని వేడిమిని పీల్చుకొనును. మరల కంప్రెసరును చేరును.

మొదట చూడవలసినది గాలి బలము. గాలి చల్లగానే ఉండి, సన్నగా వచ్చుచున్నచో కేబిన్ ఫిల్టరు దుమ్ముతో నిండియుండును. మన వీధుల దుమ్మునకు ఇది తరచుగా జరుగును. దీనికి గ్యాసుతో సంబంధమే లేదు.

గాలి బలముగా వచ్చుచు వెచ్చగా నున్నచో, ఏ.సి. మీట నొక్కినప్పుడు కంప్రెసరు క్లచ్చు ‘టక్కు’మని పట్టుకొనుచున్నదా యని వినవలెను. అది పట్టనిచో ఫ్యూజు, రిలే, తీగలు, బెల్టు, క్లచ్చు వరుసగా చూడవలెను. గ్యాసు మరీ తగ్గినప్పుడు ఒక పీడనపు స్విచ్చు తానుగా క్లచ్చును పట్టనీయదు. అది కంప్రెసరును కాపాడుటకు పెట్టిన కావలివాడు. గ్యాసుతో పాటు తిరుగు నూనె అందక కంప్రెసరు అరిగిపోకుండ అది అడ్డుపడును. కొందరు ఆ స్విచ్చును తీగతో కలిపివేసి యంత్రమును నడిపింతురు. అది మిక్కిలి అపాయకరము. వందలతో పోవునది వేలకు దారితీయును.

క్లచ్చు పట్టుచున్నను గాలి వెచ్చగా నున్నచో, బండి నిలిచినప్పుడును పరుగెత్తునప్పుడును గల భేదమును గమనింపవలెను. పరుగులో చల్లగా, నిలుకడలో వెచ్చగా నున్నచో కండెన్సరు పంకాను, కండెన్సరు మీది దుమ్మును అనుమానింపవలెను. మొదట కొంతసేపు చల్లగా వచ్చి, పిమ్మట వెచ్చబడి, ఆపి కొంతసేపటికి మరల నడిపినచో తిరిగి చల్లబడుచున్నచో, లోపల తేమ చేరి వాల్వు ముఖమున మంచుగా గట్టిపడుచుండవచ్చును. లేక కూలింగ్ కాయిలే మంచు పట్టి గాలిని అడ్డగించుచుండవచ్చును. గొట్టముల అతుకుల వద్ద, కండెన్సరు మీద నూనె మరకకు దుమ్మంటుకొని నల్లగా కనబడినచో, గ్యాసు అచటనే కారుచున్నదని గ్రహింపవచ్చును. గ్యాసు కంటికి కానరాదు. దానితో వచ్చు నూనె దొంగ పాదముద్రవలె దొరకును.

ఇంతవరకు గృహస్థుడు చూడదగినది. తిరుగుచున్న బెల్టు, పంకాల దగ్గరకు చేతులు, పైపంచె కొంగులు పోనీయరాదు. గొట్టముల అతుకులు విప్పుటకు ఎంతమాత్రము పూనరాదు. లోపలి ద్రవము చర్మమునకు తగిలినచో మంచుకాటు వేయును. కంటికి తగిలినచో చూపునకే అపాయము.

తరువాత పనివాని గేజీల వంతు. నేటి కార్లలో హెచ్చుగా వాడబడు ఆర్-134ఏ అను గ్యాసు మామూలు వాతావరణ పీడనమున శూన్యమునకు 26 డిగ్రీలు దిగువననే మరగును. బండి ఆపియుండి, బయట 30 డిగ్రీల వేడిమి ఉన్నప్పుడు, రెండు గేజీలును చదరపు అంగుళమునకు సుమారు 95 పౌన్ల పీడనము చూపును. ఇచట ఒక మోసము కలదు. లోపల ద్రవము కొంచెమే మిగిలినను ఆ సంఖ్య మారదు. కావున ఆపియున్న బండి గేజీని చూచి గ్యాసు నిండుగా నున్నదనుట పొరపాటు. బండి నడచుచుండగా రెండు గేజీలును తక్కువ చూపినచో గ్యాసు తగ్గినది. రెండును ఎక్కువ చూపినచో కండెన్సరు వేడిమిని విడువలేకున్నది. లేదా గ్యాసు మితిమీరినది. లేదా లోపల గాలి చేరినది. తక్కువ వైపు హెచ్చుగాను, హెచ్చు వైపు తక్కువగాను చూపినచో కంప్రెసరు అలసిపోయినది. తక్కువ వైపు ముల్లు సున్నాకు దిగిపోవుచున్నచో బాటలో ఎక్కడనో అడ్డు పడినది. వైద్యుడు నాడి చూచి రోగమును గుర్తించినట్లే ఇదియును. నాడి చూడకయే మందు పోయు వైద్యుని మనము నమ్ముదుమా?

ఇప్పుడు మా కారు సంగతి. అక్కయ్యను ఇల్లు చేర్చిన మరునాడు, అమీర్‌పేట వెనుకసందులో ఒక చిన్న కొట్టునకు బండిని తీసికొనిపోతిని. అచటి నడివయస్సు పనివానిని అందరును ఉస్తాదని పిలుతురు. ఆయన గేజీలను ముట్టక ముందే ఒక ప్రశ్న వేసెను. “బండి నడిచేటప్పుడు చల్లగా ఉండి, ఆగినప్పుడు మాత్రం వేడిగా వస్తుందా సార్?” అవునంటిని. ఆయన బండిని నిలిపియుంచి నడిపించి, ఒక మగ్గుతో నీరు తెచ్చి కండెన్సరు మీద చల్లెను. “లోపల కూర్చుని చూడండి” అనెను. వెచ్చని గాలి అర నిమిషములో చల్లబడినది. నీరు ఆరిపోగానే మరల వెచ్చబడినది.

నాకు ఆ క్షణమున మా ఇంటి వెనుకవసారాలోని మట్టికుండ జ్ఞాపకమునకు వచ్చినది. ఉస్తాదు చేసినది అదే. వేడిమికి బయటికి పోవు దారి లేకపోగా, నీటితో ఒక దారి చూపెను. కండెన్సరు పంకా రిలే చెడిపోయి పంకా తిరుగుటయే లేదు. పైగా రెండు పర్యాయములు గ్యాసు పోయుటచే లోపలి పీడనము హద్దు మీరి, కావలి స్విచ్చు కంప్రెసరును మాటిమాటికి ఆపుచుండెను. రోగము ఒకటి, చేసిన వైద్యము దానిని పెంచినది. ఆయన రిలే మార్చి, పంకా తిరుగుట చూచి, గ్యాసునంతటిని యంత్రముతో వెనుకకు తీసి, తూకము వేసి, బండి మూత క్రింద చీటీపై ముద్రించిన కొలత మేరకే తిరిగి నింపెను. రిలే ఖరీదు ఒక్కసారి గ్యాసు నింపించిన ఖర్చులో నాల్గవ వంతైనను లేదు.

ఇది ఒక ఇంటి సొమ్మునకు సంబంధించిన మాట మాత్రమే అయినచో ఇంతగా చెప్పనవసరము లేదు. కారిపోయిన గ్యాసు ఎచటికి పోవుననునది పెద్ద ప్రశ్న. 1928లో థామస్ మిడ్జిలీయు ఆయన తోటివారును ఫ్రియాన్ జాతి గ్యాసును కనుగొనిరి. అంతకు ముందు ఫ్రిజ్జులలో వాడిన గ్యాసులు కొన్ని విషములు, కొన్ని మండునవి. 1930లో మిడ్జిలీ శాస్త్రవేత్తల సభలో ఈ క్రొత్త గ్యాసును పీల్చి, మెల్లగా విడిచి, ఎదుటి క్రొవ్వొత్తిని ఆర్పెను. మనిషిని చంపదు, మంటను పుట్టింపదు అని ఋజువయ్యెను. అంత సాధువైన గ్యాసు అపకారము చేయునని ఎవరును తలపలేదు. కాని దేనితోను కలియని ఆ సాధుగుణమే ముప్పైనది. భూమి మీద నాశము లేక అది పైపైకి పోయి, సూర్యుని తీక్ష్ణకిరణములకు విడిపోయి, మనలను కాచు ఓజోను పొరను తినివేయునని 1974లో మొలీనా, రోలాండు అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. 1987లో మాంట్రియలు ఒడంబడిక కుదిరెను. 1992లో మన దేశమును అందులో చేరెను. ఆ శాస్త్రజ్ఞులకు 1995లో, పాల్ క్రుట్జెనుతో కలిపి, నోబెలు బహుమానము లభించెను.

కార్లలో పాత ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చినది. ఇది ఓజోనును తినదు. కాని భూమిని వేడెక్కించు గుణము దీనికి కలదు. నూరేండ్ల కాలపు లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె ఇది సుమారు 1,430 రెట్లు హెచ్చు. చిన్న కారులో పట్టు అర కిలో గ్యాసు గాలిలో కలిసినచో, 700 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు కలిసినట్లే. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోలు వెలువడును. అనగా ఒక కారు గ్యాసు కారిపోవుట, 300 లీటర్ల పెట్రోలు ఊరకే తగులబెట్టుటతో సమానము. రంధ్రమును మూయక ఏటేట నింపుచుండుట ఏపాటి పనియో ఇక చెప్పనక్కరలేదు. 2016లో కిగాలీ నగరమున ఈ జాతి గ్యాసులను కూడ తగ్గించుటకు దేశములు అంగీకరించినవి. 2021లో భారతదేశము దానిని ధ్రువపరచినది. మన వాడకము 2028లో ఒక హద్దు వద్ద నిలిచి, 2032 నుండి మెట్టుమెట్టుగా దిగి, 2047 నాటికి నూటికి 85 పాళ్ళు తగ్గవలసియున్నది. ఐరోపా, అమెరికా దేశముల క్రొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ అను మరియొక గ్యాసు ఇప్పటికే వచ్చినది. అది భూమిని వేడెక్కించుట అత్యల్పము. కొద్దిగా మండు స్వభావము కలది. ఏ కారునకు ఏ గ్యాసో మూత క్రింది చీటీయే చెప్పును. ఒకదానిలో మరియొకటి కలుపరాదు.

మన నగరపు వేసవి ఎట్టిదో అందరును ఎరుగుదురు. 1966 జూన్ 2వ తేదీన హైదరాబాదులో 45.5 డిగ్రీల వేడిమి నమోదైనది. అట్టి దినమున ఒక్కొక్క కారు తనలోని వేడిమిని ప్రక్క కారు మీదికి విడుచుచు నిలిచియుండును. 2017 నవంబరులో నగరమున మెట్రో రైలు నడువసాగినది. అమీర్‌పేట రెండు మార్గములు కలియు కూడలియైనది. పైన చల్లని పెట్టెలో జనము పోవుచున్నను క్రింద కార్ల వరుస తరగలేదు. అందులో ఆసుపత్రికి పోవువారు, ఆసుపత్రి నుండి వచ్చువారు, పసిపిల్లలు, వృద్ధులు కలరు. వారికి చల్లగాలి వైభవము కాదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాణావసరము.

కావున శ్రోతలకు నా విన్నపము చిన్నది. ఈసారి గాలి వెచ్చబడినప్పుడు, “గ్యాసు నింపండి” అని మనమే ముందుగా చెప్పకుందము. “గ్యాసు తగ్గినదా? తగ్గినచో ఎచట కారినది? కారిన చోటును మూసితిరా? నింపుటకు ముందు లోపలి గాలిని, తేమను వ్యాక్యూమ్ పంపుతో పూర్తిగా తీసితిరా? ఎంత తూకము నింపితిరి?” అని అడుగుదము. మంచి పనివాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. తన విద్యను గౌరవించువాడు దొరకెనని సంతోషించును.

మా అక్కయ్య మరల ఆసుపత్రికి పోవలసిన దినమున, అదే కూడలిలో, అదే ఎర్రదీపము ముందు మా కారు నిలిచినది. మూత క్రింద నుండి పంకా తిరుగు సన్నని సవ్వడి వినవచ్చినది. గాలి చల్లగానే వీచినది. ఆమె అద్దము దింపుమనలేదు. తల వెనుకకు వాల్చి, పచ్చదీపము వెలుగువరకు కునుకు తీసినది.